సూది మానితే బరువు మళ్లీ మొదటికి

2025 ధరలో ఏడాది వాడకానికి 87 క్వింటాళ్ల వడ్లు - సగంలో ఆపితే డబ్బు, శ్రమ వృథా - ఆర్‌ఎంపీ చేత వేయించుకుంటే ముప్పు

తరిగొప్పుల: జనగామ ప్రాంతం అనగానే ఒకప్పుడు కరువు గుర్తుకు వచ్చేది. వాన మొహం చాటేసిన ఏడు జొన్న గటక, మక్క గటకతో పూట గడుపుకున్న తరం తరిగొప్పుల, నర్మెట్ట ఊళ్లలో ఇంకా ఉంది. ఆ తరం పిల్లలకు, మనుమలకు ఇప్పుడు వచ్చిన బెంగ వేరు. తిండి దొరకక కాదు, ఒళ్లు బరువెక్కి. దుక్కి ట్రాక్టరుకు, కోత మిషనుకు, నడక మోటారు సైకిలుకు అప్పగించిన తరువాత కూడా మూడు పూటలా పళ్లెం నిండా తెల్లటి బువ్వ మాత్రం తగ్గలేదు.

ఇది ఈ ఒక్క మండలం సంగతి కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 30 మంది స్త్రీలు, 32 మంది పురుషులు ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువు ఉన్నారు. అంతకు ముందటి సర్వేలో పురుషుల సంఖ్య నూటికి 24 మాత్రమే. బరువు వెంట చక్కెర వ్యాధి, రక్తపోటు, మోకాళ్ల నొప్పులు వస్తున్నాయి. దేశం మొత్తం మీద 10 కోట్ల మందికి పైగా చక్కెర వ్యాధి ఉన్నట్లు భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది.

సరిగ్గా ఈ సమయంలోనే బరువు తగ్గించే సూది మందు మార్కెట్లోకి వచ్చింది. వారానికి ఒక సూది వేసుకుంటే చాలు, ఒళ్లు కరిగిపోతుందన్న మాట పట్నం నుంచి సెల్‌ఫోన్ల ద్వారా పల్లెకూ పాకుతోంది. అది నిజమేనా? తగ్గిన బరువు నిలుస్తుందా? పంట డబ్బు పెట్టి కొనదగినదేనా? ఈ మూడు ప్రశ్నలకు ఇప్పటికే కొన్ని దేశాలలో జవాబులు దొరికాయి. బరువు తగ్గడం నిజమే. అయితే అది సూది వాడినంత కాలమే.

బల్లి విషంలో దొరికిన దారి

ఈ మందుల కథ విచిత్రమైనది. అమెరికా ఎడారులలో గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి ఉంటుంది. చూడటానికి మన ఉడుమును పోలి ఉంటుంది. ఏడాదిలో కొద్దిసార్లు మాత్రమే తిని బతకగలదు. న్యూయార్క్‌లో పనిచేస్తున్న జాన్ ఎంగ్ అనే వైద్యుడు 1992లో ఈ బల్లి విషంలో ఒక పదార్థాన్ని కనుగొన్నారు. మనిషి పేగులలో పుట్టే ఒక హార్మోనును అది పోలి ఉంది. దాని ఆధారంగా తయారైన చక్కెర వ్యాధి సూదికి 2005లో అమెరికాలో అనుమతి లభించింది.

మనం అన్నం తినగానే పేగులలో ఆ హార్మోను పుట్టి, కడుపు నిండిందని మెదడుకు కబురు పంపుతుంది. కొద్ది నిమిషాలలోనే అది కరిగిపోతుంది. కరగకుండా వారం రోజులు ఒంట్లో నిలిచే విధంగా తయారు చేసినవే ఇప్పటి మందులు. వీటిలో బల్లి విషం ఉండదు. ఫ్యాక్టరీలో తయారయ్యేవే. ఇవి ఆకలిని చంపుతాయి. తిన్నది కడుపులో నుంచి నెమ్మదిగా కదిలేలా చేస్తాయి. మనిషి తక్కువ తింటాడు, బరువు తగ్గుతాడు. కొవ్వును మంత్రం వేసినట్టు కరిగించే గుణం వీటికి లేదు.

మన దేశంలో ఇటువంటివి రెండు ప్రధానంగా వచ్చాయి. టిర్జెపటైడ్ అనే మందు మౌంజారో పేరిట 2025 మార్చిలోను, సెమాగ్లూటైడ్ అనే మందు వెగోవీ పేరిట అదే ఏడాది జూన్‌లోను అమ్మకానికి వచ్చాయి.

పరీక్షలో ఒక తీరు, ఇంటి దగ్గర ఒక తీరు

సెమాగ్లూటైడ్‌ను 16 దేశాలలో 1,961 మంది మీద పరీక్షించి, ఫలితాలను 2021లో ప్రకటించారు. 68 వారాలు వాడిన వారి బరువు సగటున నూటికి 15 వంతులు తగ్గింది. అంటే 100 కిలోల మనిషి 85 కిలోలకు వచ్చినట్టు. మందు లేని ఉత్తుత్తి సూది వేసుకున్న వారికి తగ్గింది నూటికి రెండున్నర వంతులలోపే. టిర్జెపటైడ్‌ను ఎక్కువ మోతాదులో 72 వారాలు వాడిన వారికి నూటికి 21 వంతుల దాకా తగ్గినట్టు 2022లో తేలింది. గుండె జబ్బు ఉన్న 17,604 మందిపై జరిగిన మరో పరీక్షలో సెమాగ్లూటైడ్ వాడిన వారిలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు అయిదో వంతు తగ్గాయి. కనుక ఈ మందు పనిచేయదని ఎవరూ అనలేరు.

అయితే పరీక్షలలో పాల్గొన్న వారికి మందు ఉచితం. తిండి గురించి, వ్యాయామం గురించి చెప్పేవారు ఎప్పటికప్పుడు వెంట ఉంటారు. సూది తప్పితే అడిగేవారుంటారు. అదే మందును సొంతంగా కొనుక్కుని ఇంటి దగ్గర వాడుకునే మామూలు మనిషికి ఏం జరుగుతుంది?

అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు ఈ సంగతే ఆరా తీశారు. తమ ఆసుపత్రులలో ఈ రెండు మందులలో ఒకటి వాడిన 7,881 మంది స్థూలకాయుల వివరాలు పరిశీలించి 2025లో ఫలితాలు ప్రకటించారు. అందరినీ కలిపి చూస్తే ఏడాదికి తగ్గిన బరువు సగటున నూటికి 9 వంతులలోపే. పరీక్షలలో వచ్చిన దానితో పోలిస్తే ఇది చాలా తక్కువ.

కారణం మందులో లేదు, వాడకంలో ఉంది. నూటికి 20 మందికి పైగా మూడు నెలలలోపే సూది మానేశారు. మరో 32 మంది ఏడాది నిండక ముందే ఆపేశారు. అంటే సగానికి పైగా మధ్యలో వదిలేసిన వారే. మూడు నెలలలోపు మానిన వారికి 100 కిలోలకు మూడున్నర కిలోలు, ఏడాదిలోపు మానిన వారికి ఏడు కిలోలలోపు, మానకుండా వాడిన వారికి సుమారు 12 కిలోలు తగ్గాయి. పూర్తి మోతాదు దాకా వెళ్లి మానకుండా వాడిన వారు మాత్రమే పరీక్షల ఫలితాలకు దగ్గరగా వచ్చారు. ఎక్కువ మంది తక్కువ మోతాదు దగ్గరే ఆగిపోయారు.

చక్కెర వ్యాధి అంచున ఉన్న వారి లెక్క కూడా ఇలాగే ఉంది. మానకుండా వాడిన వారిలో నూటికి 68 మందికి రక్తంలో చక్కెర మామూలు స్థాయికి వచ్చింది. మూడు నెలలలోపు మానిన వారిలో అది 33 మందికే పరిమితమైంది.

ఎందుకు మానేశారని చూస్తే ఖర్చు, బీమా అందకపోవడం, వాంతులు, వికారం వంటి బాధలు, మందు దొరకకపోవడం ప్రధాన కారణాలుగా తేలాయి. అమెరికా వంటి దేశంలోనే ఖర్చు భరించలేక ఆపేస్తుంటే, వానను నమ్ముకున్న రైతు సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఆపిన తరువాత ఏమవుతుంది?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 2021 నాటి పరీక్షలో పాల్గొన్న వారిలో 300 మందికి పైగా జనాన్ని సూది ఆపిన తరువాత మరో ఏడాది గమనించారు. తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. రక్తపోటు వంటి వాటిలో కనిపించిన మేలు కూడా చాలావరకు వెనక్కి పోయింది.

ఇందులో ఆశ్చర్యం లేదు. రక్తపోటు మాత్ర మానితే రక్తపోటు మళ్లీ పెరుగుతుంది. బరువూ అంతే. ఆకలిని అణచి ఉంచింది మందు. మందు పోగానే ఆకలి తిరిగి వస్తుంది. పోయిన బరువును తిరిగి తెచ్చుకోవాలని ఒళ్లు కూడా ప్రయత్నిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలలో స్థూలకాయాన్ని దీర్ఘకాలపు జబ్బుగా పేర్కొన్నది. పెద్దలకు ఈ మందులను దీర్ఘకాలం, తిండి, వ్యాయామాలలో మార్పుతో కలిపి వాడవచ్చునని షరతులతో సూచించింది.

తిరిగి వచ్చే బరువులో మరో నష్టం ఉంది. సూదితో తగ్గే బరువులో కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. మాంసకృత్తులు సరిగా తినకుండా, కష్టం చేయకుండా ఉంటే ఈ నష్టం పెరుగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఎక్కువగా కొవ్వే వస్తుంది. బస్తా ఎత్తవలసిన మనిషికి, నాట్లకు వంగవలసిన మనిషికి కండ పోవడం అంటే కూలి పోవడమే.

వడ్లతో లెక్క వేస్తే...

మౌంజారో వచ్చిన కొత్తలో 2.5 మిల్లీగ్రాముల సీసా ధర రూ.3,500, 5 మిల్లీగ్రాముల సీసా రూ.4,375. నెలకు నాలుగు సీసాలు కావాలి. మొదటి నెల రూ.14,000, ఆ తరువాత నెలకు రూ.17,500 చొప్పున ఏడాదికి రూ.2,06,500 అయ్యేది. ఇది తక్కువ మోతాదు లెక్క. మోతాదు పెరిగితే ఖర్చూ పెరుగుతుంది.

2025-26లో సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రూ.2,369. ఆ లెక్కన ఏడాది సూదులకు 87 క్వింటాళ్ల వడ్లు అమ్మవలసి వచ్చేది. ఎకరానికి 25 క్వింటాళ్లు పండాయనుకున్నా మూడున్నర ఎకరాల పంట. అదీ పెట్టుబడి తీయకుండా.

వెగోవీ మొదట నెలకు రూ.17,345తో మొదలై, ఎక్కువ మోతాదుకు రూ.26,015 దాకా ఉండేది. 2025 నవంబరులో కంపెనీ ధర తగ్గించి, తొలి మోతాదును నెలకు రూ.10,850కి తెచ్చింది. సెమాగ్లూటైడ్‌పై మన దేశంలో పేటెంటు గడువు 2026 మార్చిలో తీరింది. ఇతర కంపెనీలు తయారు చేయడానికి దారి తెరుచుకున్నది. ధర దిగడం మంచిదే. కాని ధర దిగినకొద్దీ చీటీ లేకుండా అమ్మేవారు, చూడకుండా పొడిచేవారు పెరిగే ప్రమాదం ఉంది.

ఇక్కడ ఒక సంగతి కొనేవారికి తెలియడం అవసరం. మొదటి నెల ఇచ్చేది బరువు తగ్గించే అసలు మోతాదు కాదు. ఒంటికి మందును అలవాటు చేయడానికి ఇచ్చే చిన్న మోతాదు. సెమాగ్లూటైడ్‌లో పూర్తి మోతాదుకు చేరడానికే నాలుగు నెలలు పడుతుంది. కనుక చిట్టీ ఎత్తి రెండు నెలలకు సరిపడా కొని చూద్దాం అనుకునేవారు పునాది తవ్వి ఇల్లు మానుకున్నట్టే.

ఎవరికి? ఎవరికి కాదు?

బరువు తగ్గడానికైతే ఎత్తుకు తగిన బరువును మించి బాగా లావుగా ఉన్నవారికే ఈ మందులకు అనుమతి ఉంది. అయిదడుగుల నాలుగంగుళాల మనిషి లెక్క తీసుకుంటే సుమారు 80 కిలోలు దాటి ఉండాలి. చక్కెర వ్యాధి, రక్తపోటు వంటి జబ్బు తోడుగా ఉంటే 72 కిలోలు. పెళ్లి లోపు నాలుగు కిలోలు తగ్గాలనుకునే వారి కోసం తయారైనవి కావు ఇవి.

గర్భిణులు, బిడ్డకు పాలిచ్చే తల్లులు వీటిని వాడరాదు. బిడ్డ కావాలనుకునే వారు సెమాగ్లూటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ వాడుతున్నప్పుడు గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు. మెడ్యులరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ తమకు గాని, రక్త సంబంధీకులకు గాని వచ్చి ఉంటే ఈ మందుల జోలికి పోరాదు. క్లోమగ్రంథి వాపు గతంలో వచ్చినవారు డాక్టరుకు తప్పక చెప్పాలి.

వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం మామూలుగా కనిపించే బాధలు. పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. విడవని కడుపునొప్పి వీపులోకి పాకితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఎండలో కూలి పనిచేసే మనిషి వాంతులతో నీరు పోగొట్టుకుంటే మూత్రపిండాలకే ముప్పు.

ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి చక్కెర మాత్రలు గాని వాడుతున్నవారు ఈ సూదిని కలిపి వేసుకుంటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, స్పృహ తప్పడం జరగవచ్చు. పాత మందుల మోతాదు ఎంత తగ్గించాలో డాక్టరే చెప్పాలి. ఆర్‌ఎంపీ జ్వరానికి వేసినట్టు వేయదగిన సూది ఇది కాదు.

తెలంగాణ స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నదని ఇంతకు ముందు చెప్పిన సర్వేయే తేల్చింది. అసలే రక్తం తక్కువ ఉన్న మనిషి ఆకలి చంపుకుని ఇంకా తక్కువ తింటే ఏమవుతుందో ఆలోచించాలి.

మన ఎండలతో మరో చిక్కు. ఈ సూదులను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. గడ్డ కట్టరాదు. బయట ఉంచితే 30 డిగ్రీల లోపు వేడిలో కొన్ని వారాలు మాత్రమే నిలుస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలో బస్సు ప్రయాణం చేసి వచ్చిన మందు, కరెంటు పోయిన ఇంట్లో నిలిచిన మందు చెడిపోవచ్చు.

పాత మందుల గుణపాఠం

బరువు తగ్గించే మందులకు మంచి చరిత్ర లేదు. ఫెన్‌ఫ్లురమైన్ అనే మందు గుండె కవాటాలను పాడు చేస్తున్నదని తెలిసి 1997లో అమెరికాలో తీసివేశారు. మనసు కుంగిపోయి ఆత్మహత్య ఆలోచనలు కలుగుతున్నాయని తేలడంతో రిమోనాబంట్‌ను మన దేశంలో 2009లో నిషేధించారు. గుండెపోటు ముప్పు ఉన్నదని సిబుట్రమైన్‌కు 2011లో అదే గతి పట్టింది. ఇవన్నీ ఒకప్పుడు డాక్టర్లు రాసిచ్చినవే. ఇప్పటి సూదులు వీటికంటే ఎంతో ఎక్కువ మంది మీద పరీక్షకు నిలిచాయి. అయినా డాక్టరు కనిపెట్టి ఉండగానే వాడాలనడానికి ఈ చరిత్ర చాలు.

పేరు లేని పొడులు, చూర్ణాలతో ఒళ్లు తగ్గిస్తామనే ప్రకటనలను నమ్మరాదు. స్థూలకాయానికి మందు ఇస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం.

గడప దగ్గరే మొదలు

బరువు ముప్పు ఎంతో తెలుసుకోవడానికి ఖర్చు అక్కరలేదు. 30 ఏళ్లు దాటిన వారి వివరాలు రాసుకునే ఆశా కార్యకర్త దగ్గర టేపు ఉంటుంది. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. రక్తపోటు, చక్కెర పరీక్షలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. పెద్ద డాక్టరును చూడవలసి వస్తే జనగామ ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది. 2023లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ప్రారంభమైంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకు 2,000 కేలరీలు తినే మనిషి పళ్లెంలో ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉండాలి. మన పళ్లెంలో ఇది తలకిందులుగా ఉంది. బువ్వ కొండంత, కూర గోరంత. ఒక పూట బువ్వ తగ్గించి పప్పు, ఆకుకూర, గుడ్డు పెంచడం, తాతల నాటి జొన్న రొట్టెను తిరిగి పళ్లెంలోకి తేవడం ఇంట్లో అయ్యే పనులే. బరువు వారానికి అర కిలో చొప్పున తగ్గితే చాలు. వీటితో 20 కిలోలు తగ్గకపోవచ్చు. అయినా నూటికి అయిదు వంతులు తగ్గినా చక్కెరలో, రక్తపోటులో మేలు కనిపిస్తుంది.

బాగా లావెక్కి, జబ్బులతో బాధపడుతున్న వారికి ఇవి చాలకపోవచ్చు. అటువంటి వారు సిగ్గుపడనక్కరలేదు. సూది అవసరమని డాక్టరు చెబితే వాడవచ్చు. ఒళ్లు పెరగడం సోమరితనానికి శిక్ష కాదు, అదొక జబ్బు. అయితే మొదటి సూదికి ముందే నాలుగు మాటలు డాక్టరును అడిగి తెలుసుకోవాలి. తనకు ఇది నిజంగా అవసరమా? ఎంత కాలం వాడాలి? అన్నాళ్లకూ కలిపి ఎంత ఖర్చవుతుంది? ఇప్పుడు మింగుతున్న మాత్రలను ఏం చేయాలి? జవాబులు విని, ఇంటిల్లిపాది కూర్చుని లెక్క వేసుకుని, నిలకడగా సాగించగలమని తేలితేనే మొదలు పెట్టాలి.

ఇప్పటికే వాడుతున్నవారు ఖర్చుకు భయపడో, వికారానికి బెదిరో చెప్పకుండా మానరాదు. మోతాదు తగ్గించే వీలు, వేరే మందుకు మారే వీలు ఉంటాయి. ఆపక తప్పకపోతే, తిండిలో, పనిలో మార్పు ముందుగా స్థిరపరచుకుని, తరువాతి నెలలలో బరువును, చక్కెరను చూపించుకుంటూ ఉండాలి. ఏదైనా ఆపరేషను చేయించుకోవలసి వస్తే ఈ సూది వాడుతున్న సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి.